ఎర్రమట్టి మీద మంచుకుక్కల పందెం

అనంతపురం జిల్లాలో ఒకటో తరగతి పిల్లలకు మంచు గురించి చెప్పాల్సి వస్తే ముందుగా ఒక సంగతి తెలుసుకోండి: వాళ్లు మిమ్మల్ని నమ్మరు. చంద్రుడి మీదికి మనిషి పోయి వచ్చాడంటే నమ్ముతారు. చంద్రుణ్ని రోజూ చూస్తారు కాబట్టి అందులో పేచీ లేదు. నేల మీద మోకాటి లోతున తెల్లగా చల్లగా ఏదో పరుచుకుని ఉంటుందనీ, దాని మీద కుక్కలు బండి లాగుతాయనీ, ఆ బండికి చక్రాలే ఉండవనీ చెబితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. టీచరుకు ఎండదెబ్బ తగిలిందేమోనని వాళ్ల అనుమానం.

ఈ మధ్య ఉద్యోగాల్లో చేరిన మీరంతా కలిసినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతుంటారు, ఇన్నేళ్ల సర్వీసులో మీరు బాగా చెప్పిన పాఠం ఏదని. బాగా చెప్పిన పాఠాలేవీ నాకు గుర్తు లేవు. బాగా చెప్పిన పాఠం పిల్లలతో పాటు పై తరగతికి వెళ్లిపోతుంది, టీచరు దగ్గర ఏమీ మిగలదు. చెడగొట్టిన పాఠం ఒకటి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అది చెబుతాను.

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు మాట. రాప్తాడు దాటి లోపలికి పోతే ఒక ఊరు, ఆ ఊళ్లో ప్రాథమిక పాఠశాల, దానికి ఇద్దరం టీచర్లం. ఒకటి, రెండు తరగతులు నావి. మిగిలిన మూడూ హెడ్మాస్టరువి. ఆయనది తాడిపత్రి. ప్రతి పనికీ ముందు "ఇన్షా అల్లా" అంటాడు, ఆ వెంటనే "దేనికైనా ఒక కాగితం రాసి పెట్టుకుందాం మేడమ్" అంటాడు. దేవుడి మీదా కాగితం మీదా ఆయనకు సమానమైన నమ్మకం. మంచి మనిషి. మధ్యాహ్న భోజనంలో పిల్లలకు గుడ్డు తక్కువైతే తనది తీసి ఇచ్చి, ఇచ్చినట్టు రిజిస్టరులో రాసుకునేవాడు.

ఆ ఏడు శిక్షణ తరగతుల్లో మాకు కొత్త పని ఒకటి పెట్టారు. లోకంలోని ఏదో ఒక మూల జీవితాన్ని చిన్నపిల్లలకు పుస్తకం ముట్టకుండా, అంతా చేతులతో చేయించి చెప్పాలి. వారం పాటు చెప్పి, చివరి రోజు మండల విద్యాధికారి ముందు, తల్లిదండ్రుల ముందు చేసి చూపించాలి. ఎవరికి ఏ మూల వస్తుందో చీటీలు తీయించారు. పక్క ఊరి టీచరుకు ఎడారి వచ్చింది. అది మాకు పాఠం కాదు, పుట్టిల్లే కదా అని ఆమె నవ్వింది. నా చీటీ విప్పితే మంచుదేశాల్లో కుక్కల బండ్ల పందెం అని ఉంది. హాలంతా ఒక నిమిషం పాటు నవ్వింది. నేనూ నవ్వాను. బస్సులో ఇంటికి పోయేటప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

మొదటి రోజు పని, చల్లదనాన్ని చేత్తో పట్టి చూడడం. పొద్దున్నే అనంతపురంలో ఐసు ఫ్యాక్టరీకి పోయి ఒక గడ్డ కొన్నాను. గోనెసంచిలో శెనక్కాయ పొట్టు పోసి, నడుమ గడ్డ పెట్టి, మూతి బిగించి బస్సెక్కాను. రాప్తాడు దాటేసరికి సంచి కింద నుంచి నీళ్లు కారడం మొదలైంది. కండక్టరు వచ్చి మూటను కాలితో కదిపి చూశాడు.

"ఏముండాదమ్మా ఇందులో, చేపలా?"

మంచు అన్నాను. ఆయన నన్ను ఒకసారి పరీక్షగా చూసి, వెనక సీట్ల వైపు వెళ్లిపోయాడు.

గడ్డను పగలగొట్టి తలా ఒక ముక్క ఇచ్చి, ఎవరు ఎక్కువసేపు గుప్పిట్లో పట్టుకుంటారో చూద్దామన్నాను. కాసేపు కేరింతలు కొట్టారు. తర్వాత ఒక్కొక్కరూ ఎగరడం మొదలుపెట్టారు. "కాల్తాండాది టీచర్, కాల్తాండాది" అన్నారు. చల్లనిది కాలదు అని సరిదిద్దబోయి, నా చేతిలో ముక్కను కూడా అంతసేపూ పట్టుకుని చూశాను. నిజంగానే కాలింది. ముప్పై ఏళ్లు చలికీ వేడికీ వ్యతిరేక పదాలు రాయించిన దాన్ని, ఆ రోజు నోరు మూసుకున్నాను.

ఒకటో తరగతి పిల్లవాడొకడు తన ముక్కను అవ్వకు చూపిద్దామని నిక్కరు జేబులో వేసుకున్నాడట. మరునాడు వాళ్లమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. పిల్లలు పాసుకు పోతామంటే పంపియ్యని టీచరు యాడైనా ఉంటాదా అని ఊరంతా వినేలా అడిగింది. నిక్కరు తడిసిన కారణం ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. ఆమె చివరికి ఒప్పుకుంది గానీ, నమ్మిందని ఇప్పటికీ అనుకోను. ఆ పిల్లవాడికి ఆ రోజు నుంచి బడిలో ఐసుగాడని పేరు పడింది.

రెండో రోజు బండి బొమ్మ చూపించాను. చక్రాలు లేని బండి ఎట్లా పోతుందో చెప్పడానికి పెద్ద ఉపన్యాసమే తయారు చేసుకున్నాను. అది వృథా అయింది. బొమ్మ చూడగానే నలుగురైదుగురు లేచి, దుక్కి దున్నినాక చదును చేసే పలక ఇట్లే ఉంటాది కదా టీచర్ అన్నారు. పలకకు బరువు కావాలని వాళ్ల నాయనలు వీళ్లనే దాని మీద కూర్చోబెట్టి ఎద్దులతో లాగిస్తారట. నేను బొమ్మల్లో మాత్రమే చూసిన సవారీ వాళ్లు ప్రతి ఏడూ తొలకరికి చేస్తున్నారు.

మూడో రోజు కుక్కల పాదాలకు గుడ్డ జోళ్లు కుట్టే పని. మంచుకుక్కలకు కాళ్లకు జోళ్లు వేస్తారని చెప్పి, ఎందుకో ఊహించమన్నాను. ఊహించడానికి ఏముందన్నట్టు అందరూ ఒక్కసారే చెప్పారు, మంచు కాలుతుంది కదా అని. మా ఊళ్లో చెప్పులు ఎండకు కాళ్లు కాలకుండా వేసుకునేవి. వాళ్ల లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

జోళ్లకు గుడ్డ ముక్కలు తెచ్చింది రెండో తరగతి పిల్ల. ఆ కుటుంబం ధర్మవరం నుంచి వచ్చి ఈ ఊళ్లో ఇంట్లోనే పట్టుమగ్గం వేసుకుంది. అందుకని మగ్గం పిల్ల అంటాను. సన్నగా ఉంటుంది, కళ్లు మాత్రం పెద్దవి. క్లాసులో ఏం మాట్లాడినా తీర్పు చెప్పినట్టు చెబుతుంది. ఆ పిల్ల తెచ్చిన పట్టు పీలికలతో కుట్టిన జోళ్లు బడి ఆవరణలో తిరిగే కుక్కకు వేశాం. లోకంలో ఏ మంచుకుక్కా ధర్మవరం పట్టు తొడుక్కుని ఉండదు. తాళ్లు కట్టి, టెంకాయ మట్టను వెనక తగిలించి, ముందు ఉడికించిన గుడ్డు చూపించాం. కుక్క గుడ్డు తినేసి, వెనక్కి తిరిగి, మట్ట ఎక్కి కూర్చుంది. ఇప్పుడు మీరు లాగండి అన్నట్టు మా వైపు చూసింది.

అందుకని కుక్కలుగా పిల్లలే ఉండాలని తీర్మానించాం. ఆరుగురు ఒక జట్టు, జంటలు జంటలుగా ఒకే తాడుకు. అందరికంటే ముందుండే కుక్కకు చెవులు చురుగ్గా ఉండాలి, ఎందుకంటే తోలేవాడి మాట వినేది అదే. బండికి దగ్గరగా ఉండే కుక్కలకు బలం ఉండాలి. ఇంత చెప్పాక అందరూ కుక్కలమవుతామన్నారు. బండి తోలేవాడిగా ఉండడానికి ఒక్కరూ చేయి ఎత్తలేదు. తోలేవాడికి మొరిగే హక్కు లేదు కదా, అదీ కారణం. ముందు కుక్క పదవికి మొరుగుడు పోటీ పెడితే మగ్గం పిల్ల గెలిచింది. వీధి కుక్కలు గోడ అవతల నుంచి బదులు పలికాయి.

చివరికి మొదటి జట్టుకు ఐసుగాణ్ని బతిమాలి తోలేవాణ్ని చేశాను, రెండో జట్టుకు ఊళ్లో అంగడాయన మనవడు తోలేవాడయ్యాడు. వాడు బొద్దుగా ఉంటాడు, పరుగు పడదు. కుక్కలకు రోజూ బిస్కట్లు తెస్తానన్న ఒప్పందం మీద కూర్చున్నాడు.

కుడీ ఎడమా చెప్పే కేకల దగ్గర నాకు ఒక మంచి ఆలోచన తట్టింది. ఆ వారంలో నాకు తట్టిన మంచి ఆలోచన అదొక్కటే కాబట్టి చెప్పుకుంటాను. ఒకటో తరగతి పిల్లలకు కుడి ఎడమలు ఒక పట్టాన రావు. ఎద్దులకు మాత్రం దాపట, వలపట అని ఇంట్లో రోజూ వింటారు. దాపట అంటే ఎడమ ఎద్దు, వలపట అంటే కుడి ఎద్దు. మంచుదేశపు కేకలు పక్కన పెట్టి ఆ రెండు మాటలే పెట్టాను. రెండు రోజుల్లో ఏ పిల్లా తప్పు తిరగలేదు. ఒక్క అంగడి పిల్లవాడు తప్ప. అంగడికి ఎద్దులుండవు.

ఇంతవరకూ చెప్పిందంతా నా గొప్పే. ఇక చెడగొట్టిన సంగతి.

హెడ్మాస్టరు పాత బెంచీల పలకలు రెండు ఇప్పించాడు. వడ్రంగి వాటి ముందు కొసలు నున్నగా చెక్కి, అడుగున ఇనుప పట్టీలు కొట్టి ఇచ్చాడు. చూడ్డానికి అచ్చం బొమ్మలో బండిలాగే ఉంది. మా ఆవరణ గరుకు నేల మీద మాత్రం జానెడు జరగలేదు. ఆరుగురు కుక్కలూ నాలుకలు బయటపెట్టి నిలబడిపోయారు. ప్రదర్శన రెండు రోజుల్లో ఉంది.

తాడిపత్రిలో బండలు కోసి నునుపు పట్టేటప్పుడు తెల్లటి పొడి వస్తుందని నాకు తెలుసు. పిండిలా మెత్తగా ఉంటుంది, కుప్పలు కుప్పలుగా పారేస్తారు. తెల్లగా ఉంటుంది, నున్నగా జారుతుంది, అంతకన్నా మంచు ఇంకెక్కడ దొరుకుతుంది అనుకున్నాను. హెడ్మాస్టరును అడిగాను. ఆయన తమ్ముడు లారీ తోలుతాడు. ఆయన తల గోక్కుని, "గాలి లేస్తే ఎట్లా మేడమ్?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న దగ్గర నేను ఆగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఒక్క రోజే కదా సార్ అన్నాను. నా ఉత్సాహానికి ఎదురు చెప్పలేక ఆయన తమ్ముడికి ఫోను చేశాడు.

మరుసటి పొద్దున లారీ వచ్చి బస్తాలు దించిపోయింది. ఆవరణలో దారి పొడవునా పరిచాం. పిల్లలు చూసి నిజంగా నోళ్లు తెరిచారు. నేల తెల్లగా, ఎండలో మెరుస్తూ ఉంది. ఐసుగాడు చెప్పులు విడిచి మెల్లగా అడుగు పెట్టి, ఇది కాల్చడం లేదే అని నిరాశపడ్డాడు. రెండు జట్లనూ కట్టి ఒకసారి తోలించాను. బండి వెన్న మీద పోయినట్టు పోయింది. నేను చప్పట్లు కొట్టాను.

అప్పుడు గాలి లేచింది. మా వైపు గాలి సంగతి మీకు తెలుసు, అది ముందు చెప్పి రాదు. ఒక్కసారిగా ఆవరణంతా తెల్లగా అయిపోయింది. పన్నెండు మంది పరుగెత్తే పిల్లల కాళ్ల కింద నుంచి కూడా పొడి లేచింది. ఎవరు ఎక్కడున్నారో కనబడలేదు, దగ్గులు మాత్రం వినబడ్డాయి. తాళ్లు విప్పి అందరినీ లోపలికి తోలాను. తెల్లటి జుట్టుతో, తెల్లటి రెప్పలతో వరసగా కూర్చుంటే నవ్వు వచ్చేలాగే ఉన్నారు. ఒకరినొకరు చూసి నవ్వారు కూడా. మగ్గం పిల్ల నవ్వలేదు. గోడకు ఆనుకుని, భుజాలు ఎగరేసి ఊపిరి తీస్తోంది. దగ్గరికి పోతే ఆ పిల్ల రొమ్ములో పిల్లికూతలు వినబడ్డాయి.

ఆ పిల్లకు ఆయాసం ఉందని నాకు తెలియదు. తెలియదు అన్నది నిజమే, అది జవాబు కాదు. అడిగి ఉంటే తెలిసేది.

హెడ్మాస్టరు తన మోటారు సైకిలు తీశాడు, పిల్లను నడుమ కూర్చోబెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. దారి పొడవునా ఆయన గట్టిగా ఏదో చదువుకుంటూ తోలాడు. నేను ఆ చిన్న వీపు మీద చేయి పెట్టి ఊపిరి లెక్కపెట్టాను. ఆస్పత్రిలో ముక్కుకు గొట్టం తగిలించి మందు ఆవిరి పట్టారు. కాసేపటికి పిల్లికూతలు తగ్గాయి. డాక్టరు నాకంటే ముప్పై ఏళ్లు చిన్న పిల్ల. రాతిపొడి పిల్లల ముక్కుల్లోకి పోతే ఏమవుతుందో తెలియకుండానే పరిచారా అని అడిగింది. అవునన్నాను. ఆమె ఇంకా తిట్టి ఉంటే బాగుండేది. మిగిలిన పిల్లలందరినీ కూడా పంపమంది, పది రోజులు ఈ పిల్లను దుమ్ములో తిప్పొద్దు, పరుగెత్తనివ్వొద్దు అంది. నేను కిటికీ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

మేం తిరిగొచ్చేసరికి పిల్ల నాయన బడి దగ్గర ఉన్నాడు. మగ్గం గుంటలో నుంచి లేచి అట్లాగే వచ్చినట్టున్నాడు, చొక్కా మీద పట్టు నూలు పోగులు అంటుకుని ఉన్నాయి. ఊళ్లో వాళ్లు ఓ పదిమంది వెనక నిలబడి ఉన్నారు. పిల్లను ఎత్తుకుని రొమ్ముకు చెవి పెట్టి విన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"సదువు చెప్పమని పంపిస్తే పిల్లకు సున్నం కొట్టి పంపిస్తాండారే. ఏమప్పా టీచరమ్మా, ఇదేనా మీ పాఠం?"

హెడ్మాస్టరు వెనక నుంచి నాకు సైగ చేశాడు, ఏమీ మాట్లాడొద్దని. ఆయన భయం నాకు అర్థమైంది. ఒప్పుకున్న మాట రేపు కాగితం మీదికి ఎక్కుతుంది. అయినా చెప్పాను. పొడి తెప్పించింది నేను, గాలి లేస్తుందని సారు చెప్పినా విననిది నేను, పిల్లకు ఆయాసం ఉందో లేదో అడగనిది నేను. తప్పు నాదే, క్షమించమని రెండు చేతులూ జోడించాను.

అతడు గొడవకు సిద్ధపడి వచ్చిన మనిషి. ఎదురు మాట లేకపోయేసరికి ఆ కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక నిలబడిపోయాడు. నేల మీది పొడి వైపు తిరిగాడు. దీన్ని ముందు ఈడ నుంచి ఎత్తేయండి అన్నాడు.

ఎత్తేశాం. మెల్లగా నీళ్లు చిలకరించి, మూతులకు గుడ్డలు కట్టుకుని, పెద్దవాళ్లమే గంపలకెత్తి బస్తాల్లో నింపాం. మిగిలిన పిల్లల్ని ఆటోలో ఆస్పత్రికి పంపి, డాక్టరు చూశాక ఇళ్లకు చేర్పించాం. అడగకుండానే మరో నలుగురు చేరారు. ఐసుగాడి తల్లి కూడా వచ్చి చీపురు పట్టింది. మొన్న తడిసింది, ఇప్పుడు తెల్లబడింది, రేపేం చేస్తావో చెప్తే గుడ్డలు ముందే మార్చి పంపుతా అంది. ఆ మాటకు ఆ రోజు మొదటిసారి నవ్వాను.

ప్రదర్శన మానేద్దామని హెడ్మాస్టరుతో అన్నాను. ఆయన ఒప్పుకుని, మానేస్తున్నట్టు కాగితం రాయడానికి కూర్చున్నాడు కూడా. ఇంతలో మగ్గం పిల్లను చంకనేసుకుని ఆ నాయనే మళ్లీ వచ్చాడు. మొహం చిరాగ్గా ఉంది. రేపు బండి లేదంటే ఈ పిల్ల అన్నం ముట్టనంటోందట. డాక్టరు చెప్పింది నేను మళ్లీ చెప్పాను, పరుగు కుదరదని.

"ముందు కుక్క లేకపోతే బండి యాడికి పోతాదో కుక్కలకు తెలీదు నాయనా" అంది పిల్ల.

అతడు నన్నడిగాడు, కూర్చుని పోయే పని ఏదైనా ఉందా అని. ఉంది, తోలేపని అన్నాను. మగ్గం పిల్ల మొహం చూడాలి. ముందు కుక్క పదవి నుంచి తోలేవాడి పదవికి దించేశామని దాని బాధ. చాలాసేపు ఆలోచించి, మొరగొచ్చా అని అడిగింది. కూర్చుని మొరగొచ్చని నేను కొత్త నిబంధన పెట్టాను. ముందు కుక్కగా ఐసుగాణ్ని తనే ఎంపిక చేసింది. వాళ్ల నాయన పోతూ పోతూ, రేపు తానూ వస్తానన్నాడు. దుమ్ము లేచిందంటే బండి ఆడనే ఆపుతాడట.

మరునాడు నేను మొదటి బస్సుకే దిగాను. ఆవరణలో అప్పటికే ఒక మనిషి వంగి ఏదో చేస్తున్నాడు. మగ్గం నాయన. పక్కన తోపుడు బండి మీద ప్లాస్టిక్ డ్రమ్ము. చెంబుతో నీళ్లు ముంచి దారి పొడవునా చల్లుకుంటూ పోతున్నాడు. ఆ ఊరికి ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తుంది. ఆ డ్రమ్ము వాళ్ల ఇంటికి రెండు రోజుల నీళ్లు. వద్దని నేను చెప్పబోయాను.

"తడిస్తే దుమ్ము లేయదు. ఎర్రమట్టి తడిస్తే జారుతాది గూడా. నీకెవరూ చెప్పలేదా టీచరమ్మా?" అన్నాడు, తలెత్తకుండా.

ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు. తాడిపత్రి దాకా లారీ పంపిన దాన్ని, నా కాళ్ల కింది మట్టిని ఒక చెంబు నీళ్లు పోసి చూడలేదు.

విద్యాధికారి వచ్చే వేళకు ఇంకా ఇద్దరు ముగ్గురు బిందెలు తెచ్చి పోశారు. దారి ఎర్రగా, నున్నగా తయారైంది. ఆయన తెల్ల ప్యాంటు వేసుకుని వచ్చాడు, పాపం. కుర్చీలో కూర్చుని చీటీ చూసి, మంచు ఏదమ్మా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి ఐసుగాడు, నిన్న ఎత్తేసినాం సార్ అన్నాడు. ఆయన తల ఊపి రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

పందెం దారి గేటు దగ్గర మొదలై, మూలన ఉన్న వేపచెట్టు చుట్టూ తిరిగి మళ్లీ గేటుకు. ఈల వేశాను. రెండు జట్లూ మొరుగుతూ లేచాయి. ఊరు ఊరంతా, ఎద్దుల బండలాగుడు పందెంలో అరిచినట్టు అరుస్తోంది. అంగడి పిల్లవాడి జట్టు ముందుంది. బిస్కట్ల బలం. మగ్గం పిల్ల బండి మీద నిటారుగా కూర్చుని, ఒక్క ముక్క వృథాగా మాట్లాడకుండా కేకలు వేస్తోంది. నా చూపంతా ఆ పిల్ల భుజాల మీదే ఉంది, ఎగురుతున్నాయా లేదా అని. దారికి అవతల వాళ్ల నాయన కూడా అక్కడే చూస్తున్నాడు.

వేపచెట్టు దగ్గర దాపటకు తిరగాలి. అంగడి పిల్లవాడు ఉన్న గొంతంతా పెట్టి "వలపట" అన్నాడు. వాడి కుక్కల్లో సగం చెప్పిన మాట విన్నాయి, సగం చెట్టును నమ్ముకున్నాయి. తాడు రెండు వైపులా లాగేసరికి బండి బొంగరంలా తిరిగింది. పిల్లవాడు ఎగిరి బురదలో కూలబడ్డాడు. బండి తేలికైంది. కుక్కలు వెనక్కి తిరిగి చూడలేదు. ఖాళీ బండితో గేటు వైపు పరుగెత్తి, గీత దాటి, గెలిచామని గంతులు వేశాయి. తోలేవాడు మధ్య దారిలో మూతి ముడుచుకుని ఏడుస్తున్న సంగతి వాటికి తెలియదు.

మగ్గం పిల్ల జట్టు అప్పుడే చెట్టు తిరిగింది. ముందు దారి ఖాళీ. మెల్లగా పోయినా రెండో స్థానం ఎక్కడికీ పోదు. ఆ పిల్ల చేయి ఎత్తి తన కుక్కల్ని ఆపింది. పక్కకు జరిగి చోటు చేసి, "ఎక్కుప్పా" అంది. అంగడి పిల్లవాడు మోచేతులతో కళ్లు తుడుచుకుని, ఉన్న బురదంతా మొహానికి పూసుకుని ఎక్కాడు. ఇద్దరి బరువుకు బండి కదల్లేదు. ఐసుగాడు తాడును పళ్లతో కూడా పట్టుకున్నాడు. ఒక్కొక్క అడుగూ, ఒక్కొక్క అడుగూ లాక్కొచ్చారు. ఊరి అరుపులు తగ్గిపోయి, అందరూ వాళ్లతో పాటే పక్కన నడిచారు. గీత దాటాక కుక్కలు ఆరుగురూ బురదలో పడిపోయారు.

అక్కడ తగువు మొదలైంది. ముందు వచ్చిన జట్టుకు తోలేవాడు లేడు. తోలేవాడితో వచ్చిన జట్టులో తోలేవాళ్లు ఇద్దరు. బండలాగుడు పందేల్లో తీర్పులు చెప్పే పెద్దమనిషి ఒకాయన, కాడి కింద ఎద్దు ఉంటే చాలు, మనిషి లెక్క లేదన్నాడు. ఇంకొకాయన, మనిషి లేకుండా వచ్చినదాన్ని పందెం అనరు, తప్పిపోవడం అంటారన్నాడు. అంగడాయన, ఏ బండి మీద వచ్చినా తన మనవడు వచ్చాడు కదా అన్నాడు. విద్యాధికారి లేచి, పిల్లల్నే అడుగుదామని మగ్గం పిల్ల ముందు వంగాడు. తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా ఎర్రబడింది.

"చెప్పమ్మా, ఎవరు గెలిచినట్టు?"

"అది మల్ల చూద్దాం సార్. ముందు కుక్కలకు నీళ్లు ఇయ్యండి. తోలేవాళ్లు ఆ తర్వాత తాగల్ల."

పందెం ఆగిన చోట ముందు కుక్కలు, తర్వాత మనిషి అని నేను నాలుగో రోజు ఒక్కసారే చెప్పాను, అదీ గంట కొట్టే హడావుడిలో. వాళ్ల నాయన చెంబు తీసుకుని డ్రమ్ములో అడుగున మిగిలిన నీళ్లు ముంచాడు. ఆరుగురికీ, తర్వాత అవతల జట్టులో ఆరుగురికీ పోశాడు. చివర తోలేవాళ్లిద్దరికీ. గెలుపు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడితో ఆపితే బాగుంటుందని నాకు తెలుసు. కానీ మీరు ఉద్యోగస్తులు, కాగితాల సంగతి కూడా చెప్పాలి.

ఆ వారం గురించి నివేదిక రాయాలి. పొడి సంగతి రాయొద్దని హెడ్మాస్టరు బతిమాలాడు. ప్రతిదానికీ కాగితం అడిగే ఆయన, కాగితం వద్దన్న సందర్భం నా ఎరుకలో అదొక్కటే. రాశాను. ఇంకో బడిలో ఇంకో టీచరుకు ఇదే తెల్లటి ఆలోచన రాకూడదు కదా. అనుకున్నట్టే మెమో వచ్చింది. పిల్లల ఆరోగ్యానికి హాని కలిగించిన విషయమై సంజాయిషీ ఇవ్వాలి, తల్లిదండ్రుల వాంగ్మూలం జతపరచాలి. నేను మూడు పేజీలు రాశాను. మగ్గం నాయన దగ్గరికి పోతే, తనకు రాత సరిగా రాదన్నాడు. పక్కన పలక పట్టుకుని కూర్చున్న కూతుర్ని పిలిచి, నీకే కదా అయింది, నువ్వే రాయి, నేను సంతకం పెడతానన్నాడు. నన్ను బయట కూర్చోమన్నారు. మగ్గం చప్పుడు ఆగింది, చాలాసేపటికి మళ్లీ మొదలైంది. మడిచిన కాగితం చేతికిచ్చారు. విప్పి చూడడం మర్యాద కాదని అట్లాగే జతచేశాను.

విద్యాధికారి కార్యాలయంలో నా ఎదుటే ఆయన అది విప్పి, పైకి చదివాడు.

"మా టీచర్ తెల్ల దుమ్ము పోసింది. నాకు దగ్గు వచ్చింది. టీచర్ కిటికీ కాడ ఏడ్చింది. తప్పు అని చెప్పింది. మళ్లీ పోయదు. నేను ముందు కుక్క, ఇప్పుడు డ్రైవర్."

కింద వాళ్ల నాయన సంతకం.

ఆయన నా మూడు పేజీల వైపు చూడనైనా చూడలేదు. కాగితాన్ని మళ్లీ ఒకసారి తనలో తాను చదువుకుని, కలం తీసి, మూత పెట్టి, మళ్లీ తీశాడు.

"ఈ పిల్ల మళ్లీ ముందు కుక్క అయిందా మేడమ్?"

"డాక్టరు సరేనన్న మరుసటి రోజే సార్" అన్నాను.

అప్పుడు సంతకం పెట్టాడు.